ఫోన్ కొంటుంటే ఇన్ని వివరాలు ఎందుకడుగుతారు? ఏది ఇవ్వాలో, ఏది ఆపాలో ఇలా తేల్చుకోండి

ఫోన్ నచ్చింది, రంగు కుదిరింది, డబ్బు కడదామని కౌంటర్ దగ్గరికి వెళ్తే అక్కడ కూర్చున్నతను మన మొహం కూడా చూడకుండా కీబోర్డు మీద వేళ్ళు పెట్టి "పేరు?" అంటాడు. చెప్తాం. "నంబరు?" అదీ చెప్తాం. "మెయిల్ ఐడీ, అడ్రస్, డేట్ ఆఫ్ బర్త్, ఏదైనా ఐడీ ప్రూఫ్ ఉందా?" అనేసరికి, ఫోన్ కొంటున్నామా, సంబంధం మాట్లాడుకుంటున్నామా అని అనుమానం వస్తుంది. అంతే డబ్బు పెట్టి బీరువా కొంటే ఇన్ని ప్రశ్నలు ఉండవు మరి.

నేను ఒకసారి అడిగినవన్నీ చెప్పేశాను, పెళ్ళిరోజుతో సహా. మరుసటి ఏడాది ఆ రోజు పొద్దున్నే, నేనింకా మా ఆవిడకి శుభాకాంక్షలు చెప్పకముందే, షాపు వాళ్ళ మెసేజ్ వచ్చేసింది, కింద హెడ్‌ఫోన్ల మీద డిస్కౌంట్ కూపన్‌తో. ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆ తేదీకీ నేను కొన్న ఫోన్‌కీ సంబంధం ఏమిటో ఎంత ఆలోచించినా దొరకలేదు. అప్పట్నుంచి కౌంటర్ దగ్గర ఏది అడిగినా "ఇది దేనికండీ?" అని అడగడం అలవాటు చేసుకున్నాను. గొడవ పెట్టుకోవడానికి కాదు, ఆ ప్రశ్నకి వచ్చే జవాబుని బట్టే ఇవ్వాలా వద్దా తేలిపోతుంది. ఎలాగో వరసగా చెప్తాను.

1. మీరు నిజంగా ఏమేం కొంటున్నారో ముందు విడదీయండి

అసలు తికమకంతా ఇక్కడే. ఒకే కౌంటర్, ఒకే మనిషి, ఒకే బిల్లులా కనిపిస్తుంది గానీ అక్కడ నాలుగైదు వేరే వేరే పనులు కలిసిపోయి జరుగుతుంటాయి. ఫోన్ అనే వస్తువు కొనడం ఒకటి. దాంట్లో వేసే సిమ్ తీసుకోవడం ఇంకొకటి. వాయిదాల మీద కొంటే అది అప్పు, అంటే మూడోది. పాత ఫోన్ ఇచ్చేస్తే అక్కడ మీరే అమ్మేవాళ్ళు, అది నాలుగోది. వీటికి తోడు ఇన్సూరెన్సు, షాపు మెంబర్‌షిప్పు. ప్రతిదానికీ అవసరమయ్యే వివరాలు వేరు, కానీ అడిగేటప్పుడు అన్నీ కలిపి ఒకే గుక్కలో అడిగేస్తారు.

కాబట్టి షాపులోకి వెళ్ళేముందే అనుకోండి: నాకు ఫోన్ ఒక్కటే కావాలా, సిమ్ కూడానా, డబ్బు మొత్తం ఇప్పుడే కడతానా? ఫోన్ ఒక్కటే, డబ్బు మొత్తం ఒకేసారి అయితే మీరు ఇవ్వాల్సింది చాలా తక్కువ. మీరు డబ్బిస్తారు, వాళ్ళు డబ్బా ఇస్తారు, బిల్లు ఇస్తారు. చాలా దేశాల్లో అంతకు మించి చట్టం ఏమీ అడగదు. విదేశం వెళ్ళినప్పుడు కొని పన్ను వాపసు తీసుకోవాలనుకుంటే పాస్‌పోర్టు చూపించాలి, ఆఫీసు పేరు మీద బిల్లు కావాలంటే ఆఫీసు పన్ను నంబరు ఇవ్వాలి, బాగా పెద్ద మొత్తం నగదుగా కడితే కొన్ని చోట్ల గుర్తింపు అడుగుతారు. ఇలాంటివి మినహాయింపులు.

సిమ్ కథ వేరు. 150కి పైగా దేశాల్లో ప్రీపెయిడ్ సిమ్ తీసుకోవాలన్నా గుర్తింపు చూపించడం తప్పనిసరి. ఇది షాపు వాడి సరదా కాదు, ప్రభుత్వాల నియమం. 2004 మార్చిలో మాడ్రిడ్‌లో రైళ్ళలో బాంబులు పేలినప్పుడు వాటిని పేల్చడానికి ప్రీపెయిడ్ సిమ్‌లున్న ఫోన్లు వాడారని తేలింది, ఆ తర్వాత 2007లో స్పెయిన్ ప్రీపెయిడ్ సిమ్ కొనేవాళ్ళ వివరాలు నమోదు చేయాలని చట్టం చేసింది. జర్మనీ 2017 జులై నుంచి ఐడీ చూడకుండా ప్రీపెయిడ్ సిమ్ ఆన్ చేయనివ్వడం లేదు. అయితే అన్ని చోట్లా ఒకేలా లేదు. బ్రిటన్, అమెరికా, కెనడాల్లో ప్రీపెయిడ్ సిమ్‌కి అలాంటి తప్పనిసరి నమోదు లేదు. మెక్సికోలో అయితే 2021లో వేలిముద్రల్లాంటి వివరాలతో సహా నమోదు చేయాలని చట్టం తెచ్చారు, 2022లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అంటే నియమం ఎంత దూరం వెళ్ళొచ్చన్న గొడవ పెద్ద కోర్టుల దాకా నడిచింది, మనకొచ్చే అనుమానం వింతేమీ కాదు.

ఇక్కడ మీరు చేయాల్సిన పని ఏమిటంటే, ఐడీ అడగ్గానే "ఇది సిమ్‌కా, ఫోన్‌కా?" అని అడగండి. సిమ్‌కి అంటే ఇవ్వండి, తప్పదు. ఫోన్‌కి అంటే, ఇంకో ప్రశ్న అడగాలి.

2. "దేనికి?" అని అడగండి, జవాబుని తూకం వేయండి

మామూలుగా వచ్చే జవాబులు మూడో నాలుగో ఉంటాయి.

"బిల్లు కోసం సార్." పేరు వరకూ ఇది సమంజసమే. నా సలహా, పేరు నిజమైనదే చెప్పండి. బిల్లు మీద ఫోన్ ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోన్‌కే ప్రత్యేకంగా ఉండే గుర్తింపు సంఖ్య ఉంటుంది, దాని పక్కన మీ పేరు ఉంటే, రేపు ఫోన్ పోయి పోలీసుల దగ్గరికి వెళ్ళినప్పుడు ఇది నాది అని చూపించుకోవడానికి ఆ కాగితమే ఆధారం. ఫోన్ నంబరు, మెయిల్ అడిగితే "నాకు కాగితం బిల్లు ఇవ్వండి చాలు" అనండి. బిల్లు మెయిల్‌కి రావడం సౌకర్యమే, కాగితాల మీద సిరా ఏడాదిలో మాసిపోతుంది కూడా, కాబట్టి మెయిల్ ఇవ్వడం తప్పని నేననను. కానీ అది మీ సౌకర్యం కోసం మీరు ఇస్తున్నది, ఇవ్వకపోతే బిల్లు రాదనేది అబద్ధం. 2023 మేలో భారత ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా ఇదే విషయం చెప్పింది, ఫోన్ నంబరు ఇవ్వకపోతే బిల్లు వేయం అనడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని.

"వారంటీకి కావాలి." ఇది వినగానే చాలామంది భయపడి అన్నీ చెప్పేస్తారు. నిజానికి ఫోన్ తయారు చేసిన కంపెనీ వారంటీ చూసేటప్పుడు ప్రధానంగా చూసేది ఫోన్ సీరియల్ నంబరో ఐఎంఈఐయో, కొన్న తేదీ. ఆ తేదీకి ఆధారం బిల్లు. మీ పుట్టినరోజు ఎప్పుడన్నది స్క్రీన్ పగుళ్ళకి ఏ మాత్రం సంబంధం లేని విషయం. కంపెనీ వారంటీ కాకుండా షాపు వాళ్ళే విడిగా అమ్మే అదనపు వారంటీ, ఇన్సూరెన్సు తీసుకుంటే మాత్రం పేరు, అడ్రస్, నంబరు అవసరమవుతాయి, ఎందుకంటే అది మీతో చేసుకునే ఒప్పందం.

"ఆఫర్లు, పాయింట్లు వస్తాయి సార్." ఈ జవాబు నాకు ఇష్టం, ఎందుకంటే ఇందులో దాపరికం లేదు. నంబరు ఇస్తే పాయింట్లు ఇస్తాం అంటున్నాడు, బేరం నచ్చితే ఇవ్వండి, లేకపోతే వద్దనండి. నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళే షాపు అయితే ఇస్తాను.

"సిస్టమ్ తీసుకోదు సార్, నంబరు లేకపోతే ముందుకెళ్ళదు." ఇది ఎక్కువగా వినేది, దీని గురించి కాస్త ఆగి చెప్పాలి. కౌంటర్‌లో కుర్రాడు నిజమే చెప్తుండొచ్చు. అతని స్క్రీన్ మీద ఆ గడి పక్కన ఎర్ర చుక్క ఉంటుంది, నింపకపోతే ప్రింట్ బటన్ వెలగదు. పైగా రోజుకి ఇన్ని నంబర్లు తీసుకోవాలని అతనికి పైనుంచి టార్గెట్ కూడా ఉండొచ్చు. ఆ గడి పెట్టింది అతను కాదు, కాబట్టి అతని మీద అరిచి లాభం లేదు. "మీ మేనేజర్‌ని ఒకసారి పిలవండి, నంబరు లేకుండా బిల్లు ఎలా వేస్తారో ఆయనకి తెలుసుంటుంది" అని మెల్లగా అనండి. నేనిలా అన్న ఒక చోట మేనేజర్ రాకముందే ఆ కుర్రాడు ఆ గడిలో పది సున్నాలు కొట్టి బిల్లు తీసిచ్చాడు. సిస్టమ్ బ్రహ్మాండంగా తీసుకుంది.

ఒక మాట, చిరాకేసి ఏదో ఒక నంబరు నోటికొచ్చినట్టు చెప్పేయకండి. అది ఎవరో ఒకరి నంబరు అయ్యుంటుంది, మీ బిల్లు, మీ పేరు, మీ ఐఎంఈఐ అన్నీ ఆ మనిషికి మెసేజ్‌గా వెళ్తాయి. ఇవ్వదలచుకోకపోతే ఇవ్వనని చెప్పడమే నయం.

3. ఊరికే అడిగే చిన్న వివరాన్ని చిన్నదనుకోకండి

"పిన్ కోడ్ ఒక్కటి చెప్పండి చాలు" అంటారు. ఏముంది, ఆ కోడ్‌లో వేలమంది ఉంటారు కదా అనిపిస్తుంది. అమెరికాలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ముందుకి ఇలాంటి కేసే వచ్చింది. క్రెడిట్ కార్డుతో డబ్బు కడుతున్న ఒకావిడని షాపులో జిప్ కోడ్ (అంటే అక్కడి పిన్ కోడ్) అడిగారు, కార్డు కోసమేమో అనుకుని చెప్పింది. కార్డు మీద పేరు, ఆవిడ చెప్పిన కోడ్, రెండూ కలిపి షాపు వాళ్ళు ఆవిడ ఇంటి అడ్రస్ పట్టేశారని ఆరోపణ. 2011లో కోర్టు ఏమందంటే, జిప్ కోడ్ కూడా వ్యక్తిగత వివరమే, కార్డుతో కట్టేటప్పుడు షాపు దాన్ని అడిగి రాసిపెట్టుకోకూడదు అని. ఒక్కొక్కటిగా చూస్తే ఏమీ లేనివే, పక్కపక్కన పెడితే మీ గుమ్మం దాకా దారి చూపిస్తాయి.

ఇచ్చిన వివరం ఆ షాపులోనే ఉంటుందన్న గ్యారంటీ కూడా లేదు. రేడియోషాక్ అని అమెరికాలో పేరుమోసిన ఎలక్ట్రానిక్స్ షాపుల గొలుసు ఉండేది, బ్యాటరీ కొన్నా పేరు, అడ్రస్ అడుగుతారని జనం జోకులు వేసుకునేవాళ్ళు. 2002లో ఆ అలవాటు మానేశారు. తర్వాత మొబైల్ ఫోన్లు కూడా బాగానే అమ్మారు. 2015లో దివాలా తీసినప్పుడు అప్పులు తీర్చడానికి అమ్మకానికి పెట్టిన ఆస్తుల్లో ఏముందో తెలుసా? సుమారు 11.7 కోట్ల మంది కస్టమర్ల వివరాలు. ఎవరికీ ఇవ్వం అని హామీ ఇచ్చిన వివరాలే. చాలా రాష్ట్రాల అటార్నీ జనరళ్ళు (ఆ ప్రభుత్వాల ప్రధాన న్యాయాధికారులు) అడ్డం పడ్డారు కాబట్టి చివరికి అమ్మింది అందులో కొంత భాగమే. షాపు మంచిదే కావచ్చు, యజమాని నిజాయితీపరుడే కావచ్చు, రేపు ఆ షాపే చేతులు మారితే మీ నంబరు కూడా కుర్చీలు బల్లలతో పాటు చేతులు మారుతుంది.

4. ఓటీపీ వస్తే, చెప్పేముందు మెసేజ్ మొత్తం చదవండి

ఈ మధ్య నంబరు చెప్పగానే వెంటనే "ఒక కోడ్ వచ్చింది చూడండి, చెప్పండి" అంటున్నారు. నంబరు నిజమా కాదా చూసుకోవడానికే అంటారు, చాలాసార్లు అంతే కూడా. కానీ ఆ నాలుగో ఆరో అంకెలు చదివి వినిపించే తొందరలో పైన ఉన్న వాక్యం ఎవరూ చదవరు. అందులో "మెంబర్‌షిప్‌లో చేరడానికి" అని ఉండొచ్చు, "ప్రచార సందేశాలకు అంగీకారం" అని ఉండొచ్చు, "మీ క్రెడిట్ వివరాలు చూడటానికి అనుమతి" అని ఉండొచ్చు. మీరు పూర్తి డబ్బు కట్టి కొంటుంటే చివరిది అసలు రాకూడదు. అది కనిపిస్తే కోడ్ చెప్పకండి, ఎందుకు వచ్చిందో అడగండి.

బ్యాంకు పేరుతోనో, మీ మెయిల్ అకౌంట్ పేరుతోనో వచ్చిన కోడ్ అయితే ఎవరడిగినా సరే చెప్పొద్దు. దానికి షాపుతో పనే లేదు.

ఫోన్ వాళ్ళ చేతికిచ్చి "మీరే చూసుకోండి" అనకండి. ఇది మన పెద్దవాళ్ళు ఎక్కువగా చేస్తారు, అక్షరాలు చిన్నగా ఉన్నాయని. వాళ్ళతో పాటు ఎవరైనా వెళ్తే మంచిది.

5. ఐడీ కార్డు కాపీ ఇవ్వాల్సి వస్తే

సిమ్‌కి, అప్పుకి, పాత ఫోన్ అమ్మడానికి ఐడీ తప్పకపోవచ్చు. అప్పుడు కూడా అడగాల్సింది, "చూస్తే సరిపోతుందా, కాపీ కావాలా?" చూస్తే సరిపోయే చోట కాపీ ఇవ్వకండి. కాపీ కావాలంటే దాని మీద పెన్నుతో అడ్డంగా, ఫొటో మీదుగా కాకుండా అక్షరాల మీదుగా రాయండి: ఫలానా పని కోసం మాత్రమే, ఫలానా షాపు, తేదీ, సంతకం. మన అమ్మానాన్నల కాలం నుంచీ ఉన్న అలవాటే ఇది, ఇప్పటికీ పనికొస్తుంది, ఎందుకంటే అలా రాసిన కాపీని ఇంకో చోట ఇంకో సిమ్‌కి వాడటం కష్టం. నెదర్లాండ్స్ ప్రభుత్వం అయితే ఇదే పని ఫోన్లో చేసుకోవడానికి ఒక యాప్ ఇచ్చింది, ఐడీ ఫొటో తీసి అనవసరమైన నంబర్లు కొట్టేసి, ఎందుకిస్తున్నారో దాని మీద ముద్ర వేసి ఇవ్వొచ్చు.

అన్నిటికన్నా నాకు నచ్చనిది, కౌంటర్‌లో అబ్బాయి తన సొంత ఫోన్‌తో మీ కార్డు ఫొటో తీసుకోవడం. "వాట్సాప్ చేయండి సార్" అనడం కూడా అంతే. ఆ ఫొటో అతని గ్యాలరీలో అతని ఇంటి ఫొటోల పక్కనే ఉండిపోతుంది, అతను ఉద్యోగం మారినా అతనితోనే వెళ్తుంది. స్కానర్ ఉంటే స్కాన్ చేయమనండి, లేకపోతే షాపు డివైస్‌లోనే తీయమనండి. మొహమాటపడి ఊరుకోకండి.

6. వాయిదాల మీద కొంటుంటే

ఇక్కడ మాత్రం వివరాలు చాలానే ఇవ్వాలి, తప్పించుకోలేం. అప్పిచ్చేవాడు మీరెవరు, ఎక్కడుంటారు, తీర్చగలరా అని చూసుకుంటాడు, అది వాడి హక్కు, చాలా చోట్ల చట్టం ప్రకారం వాడి బాధ్యత కూడా. నెలాఖరుకి బిల్లు కట్టే పోస్ట్‌పెయిడ్ ప్లాన్‌తో ఫోన్ తీసుకోవడం కూడా ఒక రకంగా అప్పే, ముందు వాడుకుని తర్వాత కడతాం కాబట్టి. ప్రీపెయిడ్ వాళ్ళని అడగనివి పోస్ట్‌పెయిడ్ వాళ్ళని అడగడానికి కారణం అదే.

మీరు చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. అప్పిస్తున్నది ఎవరు, షాపా, బ్యాంకా, పేరు ఎప్పుడూ వినని ఏదైనా ఫైనాన్స్ కంపెనీయా? షాపులో కూర్చునే ఫైనాన్స్ మనిషి షాపు ఉద్యోగి కాకపోవచ్చు, మీ కాగితాలు వెళ్ళేది వాళ్ళ ఆఫీసుకి. కంపెనీ పేరు రాసుకోండి. అప్పు రాలేదనుకోండి, అప్పటికే ఇచ్చిన కాపీలు వెనక్కి అడిగి తీసుకోండి, ఇది చాలామంది మర్చిపోతారు, ఒక కంపెనీ కాదంటే ఇంకో దానికి, అదీ కాదంటే మూడో దానికి పంపిస్తూ పోతారు, మీ వివరాలు మూడు చోట్లా మిగిలిపోతాయి, ఫోన్ మాత్రం రాదు. ఒక్కో దరఖాస్తూ మీ క్రెడిట్ రికార్డులో, అంటే మీ అప్పుల చరిత్రలో, ఒక్కో ఎంక్వయిరీగా కూడా పడొచ్చు. అందుకని "ఏ కంపెనీకి పంపుతున్నారో నాకు చెప్పి పంపండి" అని ముందే అనేయండి.

వాయిదాల ఫోన్లలో కొన్నిటికి లాక్ చేసే యాప్ పెడతారు, కిస్తీ తప్పితే ఫోన్ పనిచేయకుండా ఆపేస్తుంది. ఉందా లేదా, ఉంటే అప్పు తీరాక ఎవరు తీస్తారు అని కొనేముందే అడగండి. అప్పు యాప్ మీ కాంటాక్టులు, ఫొటోలు చూడటానికి అనుమతి అడిగితే అక్కడే ఆగిపోండి. మీరు అప్పు తీర్చగలరా లేదా అన్నది మీ పెదనాన్న నంబరు చూస్తే తెలియదు కదా. కిస్తీ తప్పితే చుట్టాలకి ఫోన్లు చేసి పరువు తీయడానికి దాన్ని వాడొచ్చని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

7. పాత ఫోన్ ఇచ్చేస్తుంటే

ఐడీ అడిగితే ఇవ్వండి, ఇది మీ మంచికే. పాత ఫోన్లు కొనేవాడికి దొంగ సరుకు భయం ఉంటుంది, రేపు పోలీసులొస్తే ఎవరి దగ్గర కొన్నావంటే చూపించడానికి అతనికి రికార్డు కావాలి. మీకూ రసీదు కావాలి, దాని మీద పాత ఫోన్ ఐఎంఈఐ, తేదీ ఉండాలి, ఎందుకంటే రేపు ఆ ఫోన్‌తో ఎవరేం చేసినా ఆ తేదీ తర్వాత అది మీ దగ్గర లేదని చూపించుకోవాలి.

ఇచ్చేముందు గూగుల్ లేదా ఆపిల్ అకౌంట్ నుంచి సైన్ అవుట్ అయ్యి, సిమ్, మెమరీ కార్డు తీసేసి, మీ చేత్తో మీరే రీసెట్ చేయండి. "మేం చేసుకుంటాం సార్, పాస్‌వర్డ్ చెప్పండి చాలు" అంటే ఒప్పుకోవద్దు. కొత్త ఫోన్ కొంటూ పేరు చెప్పడానికి ఆలోచించి, పదేళ్ళ ఫొటోలున్న పాత ఫోన్ పాస్‌వర్డ్‌తో సహా ఇచ్చేసిన వాళ్ళని నేను చూశాను.

8. షాపులోనే ఫోన్ సెట్ చేయించుకుంటుంటే

కొత్త ఫోన్ డబ్బా తెరిచి సిమ్ వేసి అన్నీ పెట్టి ఇస్తాం అంటారు. సిమ్ వేసి, ఆన్ అవుతోందో లేదో చూడటం వరకే అక్కడ చేయించుకోండి. అకౌంట్ దగ్గరికి రాగానే ఫోన్ మీరు తీసుకోండి. మెయిల్ ఐడీ లేనివాళ్ళకి షాపు అబ్బాయి అప్పటికప్పుడు ఒకటి తయారు చేసి, పాస్‌వర్డ్ తనకి తోచింది పెట్టి, రికవరీకి తన నంబరు పెట్టేసిన సందర్భాలు ఉంటాయి, సాయం చేద్దామనే. తర్వాత ఏదో ఒక రోజు ఫోన్ రీసెట్ చేస్తే అది మళ్ళీ ఆ అకౌంటే అడుగుతుంది. ఆపిల్ 2013లో యాక్టివేషన్ లాక్ తెచ్చింది, ఆండ్రాయిడ్‌లో 5.1 వెర్షన్‌తో 2015లో ఇలాంటిదే వచ్చింది. దొంగల కోసం పెట్టిన తాళం అది, పాస్‌వర్డ్ తెలియకపోతే అసలు యజమాని కూడా బయటే నిలబడాలి. ఇంట్లో పిల్లలతోనో, తెలిసినవాళ్ళతోనో తీరిగ్గా చేయించుకోండి, పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకోండి.

9. బయటికొచ్చేముందు బిల్లు చూసుకోండి

కొత్త ఫోన్లో *#06# నొక్కితే ఐఎంఈఐ కనిపిస్తుంది, 15 అంకెలు, రెండు సిమ్‌ల ఫోన్ అయితే మామూలుగా రెండు నంబర్లు. మొదటి ఎనిమిది అంకెలు ఏ మోడల్ అన్నది చెప్తాయి, చివరిది లెక్క సరిచూసే అంకె. అందులో మీ గురించి ఏమీ లేదు, అది ఫోన్ నంబర్ ప్లేట్ లాంటిది, బిల్లు మీద మీ పేరు పక్కన పడ్డాకే అది మీతో ముడిపడుతుంది. స్క్రీన్ మీద నంబరు, డబ్బా మీద నంబరు, బిల్లు మీద నంబరు మూడూ ఒకటేనా చూడండి. తేడా ఉంటే అక్కడే మార్పించుకోండి, ఇంటికొచ్చాక ఎవరూ వినరు. పేరు స్పెల్లింగ్ కూడా చూడండి, అడగని ఇన్సూరెన్సు ఏదైనా బిల్లులో చేరిందేమో చూడండి.

10. ఇప్పటికే అన్నీ ఇచ్చేశారా?

ఏం ఫరవాలేదు, అందరం ఇచ్చినవాళ్ళమే. ప్రచార మెసేజ్‌లు వస్తుంటే ముందు ఆ మెసేజ్‌లోనే ఆపేయమనే దారి ఉందేమో చూడండి, అయితే తెలిసిన షాపు నుంచి వచ్చిన వాటిలోనే ఆ లింకు నొక్కండి, ఎవరో తెలియని వాళ్ళ మెసేజ్‌లో నొక్కితే ఈ నంబరు పనిచేస్తోందని మనమే చెప్పినట్టవుతుంది. షాపుకి రెండు వాక్యాల మెయిల్ పెట్టండి: నా గురించి మీ దగ్గర ఏం వివరాలున్నాయో చెప్పండి, బిల్లు రికార్డుకి అవసరం లేనివి తీసేయండి. యూరప్‌లో 2018 మే నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం ప్రకారం మామూలుగా నెలలోపు జవాబివ్వాలి, అవసరమైనంత మేరకే వివరాలు తీసుకోవాలనేది కూడా ఆ చట్టంలోనే ఉంది. భారత్‌లో 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో కూడా సమ్మతి, తొలగింపు గురించిన హక్కులు రాశారు. బిల్లుని మాత్రం పన్ను లెక్కల కోసం వాళ్ళు కొన్నేళ్ళు ఉంచాలి, దాన్ని తీసేయమంటే కుదరదు. పుట్టినరోజు, పెళ్ళిరోజు తీసేయమంటే కుదరకపోవడానికి కారణం ఏమీ లేదు.

ఈసారి మెయిల్ ఇవ్వాల్సి వస్తే ఒక చిట్కా. జీమెయిల్‌లో మీ పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి షాపు పేరు చేర్చి ఇస్తే ఆ మెయిల్ మీకే వస్తుంది. రేపు ఇంకెవరో ఆ అడ్రస్‌కి మెయిల్ పంపితే ఎక్కడి నుంచి జారిందో మీకు తెలిసిపోతుంది. కొన్ని ఫారాలు ప్లస్ గుర్తు తీసుకోవు, అప్పుడు అలాంటి వాటి కోసమే విడిగా ఒక మెయిల్ ఐడీ పెట్టుకోండి.

ఇంకొకటి, బిల్లు ఫొటో, డబ్బా మీద ఐఎంఈఐ ఫొటో తీసి ఆ కొత్త ఫోన్లోనే దాచుకుంటారు చాలామంది. ఫోన్ పోయిన రోజు అవి కూడా దాంతోనే పోతాయి. ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కి పంపి ఉంచండి, లేదా మెయిల్‌లో మీకు మీరే పంపుకోండి.